పంపినంత మాత్రాన రాసిచ్చినట్టేనా? టీషర్టు డిజైన్ పోటీల నిబంధనలు

చెన్నైలో కళాశాల ఉత్సవం జరిగినా, మారథాన్ పరుగు జరిగినా, తెలుగు సంఘం ఉగాది వేడుక తలపెట్టినా, కొత్త దుస్తుల బ్రాండు ఒకటి బజారులోకి వచ్చినా, టీషర్టు డిజైన్ పోటీ అన్న ప్రకటన ఒకటి తప్పకుండా కనిపిస్తోంది. బహుమతి మొత్తం పెద్ద అక్షరాల్లో ఉంటుంది, చివరి తేదీ దాని కిందే ఉంటుంది. నిబంధనలు మాత్రం వేరే పేజీలో, గట్టి న్యాయభాషలో, వేలితో పైకి తోసేసి అడుగున ఉన్న గడిలో టిక్కు పెట్టడానికే రాసినట్టు ఉంటాయి. ట్రిప్లికేన్‌లో స్క్రీన్ ప్రింటింగ్ పనులు చేయించుకుంటూ చాలా ఏళ్లుగా ఈ రంగంలో ఉన్నందువల్ల, ఇక్కడి తెలుగు పిల్లలు తరచుగా నన్ను సలహా అడుగుతుంటారు. "అన్నా, సైజు ఎంత పెట్టాలి? రంగులు ఎన్ని వాడొచ్చు?" అని అడుగుతారు. "పంపిన తర్వాత ఈ బొమ్మ ఎవరిది?" అని అడిగినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మా అక్క కూతురు ఒకసారి ఇలాంటి పోటీకి మూడు బొమ్మలు పంపింది. వాటిలో ఒకటి మెరీనా ఒడ్డున గుగ్గిళ్లు అమ్మే మనిషిది: నడుముకు ఆనించుకున్న సత్తు డబ్బా, చేతిలో కాగితపు పొట్లం, వెనుక రెండే రెండు గీతల్లో సముద్రం. బహుమతి రాలేదు. కొన్ని నెలల తర్వాత ఆ నిర్వాహకుల దుకాణంలోనే ఆ గుగ్గిళ్ల మనిషి నల్ల టీషర్టు మీద అమ్మకానికి కనిపించాడు. అడిగితే వారు నిబంధనల పేజీలోని ఒక వాక్యాన్ని చూపించారు: పోటీకి అందిన ఎంట్రీలన్నీ నిర్వాహకుల ఆస్తి అవుతాయి. గెలిచిన ఎంట్రీలు కాదు, అందిన ఎంట్రీలన్నీ. ఆ పిల్ల టిక్కు పెట్టిన పేజీలోనే ఆ వాక్యం ఉంది.

ఈ వ్యాసం ముఖ్యంగా ఆ వాక్యం గురించే. పోటీ నిబంధనల పేజీలో మూడు వేర్వేరు సంగతులు కలగలిసి ఉంటాయి. ముద్రణ యంత్రానికి ఎలాంటి ఫైలు కావాలన్నది ఒకటి. పంపిన బొమ్మ నిజంగా పంపినవారిదేనా అన్నది రెండోది. ఆ బొమ్మ మీద హక్కు ఎవరికి, ఎప్పుడు, ఎంతకాలానికి పోతుందన్నది మూడోది. మొదటిదాన్ని కళాకారులు అక్షరం పొల్లుపోకుండా పాటిస్తారు, ఎందుకంటే అది తప్పితే ఎంట్రీ వెంటనే తిరిగి వస్తుంది. మూడోదాని ఫలితం నెలల తర్వాత గాని బయటపడదు కాబట్టి దాన్ని చదవరు. నన్ను అడిగితే చదవడం మూడోదానితోనే మొదలుపెట్టాలంటాను.

మన 1957 నాటి కాపీరైట్ చట్టం ఈ విషయంలో కళాకారుడి వైపే నిలబడింది. సెక్షన్ 17 ప్రకారం బొమ్మకు మొదటి యజమాని దాన్ని గీసినవారే. జీతానికి పనిచేస్తూ ఆ ఉద్యోగంలో భాగంగా గీసిన బొమ్మ, డబ్బు పుచ్చుకుని ఒకరి కోరిక మీద వేసిన చిత్తరువు వంటివి దానికి మినహాయింపులు. పోటీకి తనంతట తాను బొమ్మ పంపినవారు నిర్వాహకుల ఉద్యోగీ కారు, అప్పటికి వారి దగ్గర డబ్బు తీసుకున్నవారూ కారు. అందుకే కొన్ని ప్రకటనల్లో అమెరికా నిబంధనల నుంచి ఎత్తిరాసిన "వర్క్ ఫర్ హైర్" (చేయించుకున్నవారికే హక్కు చెందే పని) అన్న మాట కనిపిస్తే, అది మన చట్టంలో ఉన్న మాట కాదని గుర్తించాలి. కళాకారుడు రాసిచ్చేదాకా ఇక్కడ హక్కు కదలదు.

రాసివ్వడం ఎలా ఉండాలో సెక్షన్ 19 చెబుతుంది. హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి. ఏ బొమ్మ, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ దేశాల్లో, ఎంత ప్రతిఫలానికి అన్నది అందులో పేర్కొనాలి. కాలం రాయకపోతే 5 సంవత్సరాలని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టమే పూరించుకుంటుంది. పుచ్చుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరే మాట లేనంతవరకు, అది రద్దయినట్టే. లైసెన్సులకు కూడా సెక్షన్ 30ఏ ఇవే సూత్రాలను వర్తింపజేస్తుంది. ఇవన్నీ కళాకారుడిని కాపాడడానికి పెట్టిన కంచెలు. నిర్వాహకుల వకీళ్లకు కూడా ఈ కంచెలు తెలుసు కాబట్టే నిబంధనల్లో "శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా, తిరిగి తీసుకోవడానికి వీల్లేకుండా, ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాల్లో" అన్న వరుస వస్తుంది. అది అలంకారం కోసం రాసింది కాదు, పైన చెప్పిన ఒక్కొక్క కంచెనూ ఒక్కొక్క మాటతో దాటడం అది. సెక్షన్ 19(4) వర్తించదు అన్న ముక్క కనిపిస్తే, బొమ్మను ఏళ్ల తరబడి వాడకుండా పెట్టెలో పడేసినా హక్కు తిరిగి రాదని అర్థం.

గడిలో టిక్కు పెట్టడం సంతకం కిందికి వస్తుందా అన్న ప్రశ్న సహజంగానే పుడుతుంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని 2000 నాటి ఐటీ చట్టంలోని సెక్షన్ 10ఏ చెబుతోంది. హక్కుల బదలాయింపుకు చట్టం కోరే సంతకానికి ఆ టిక్కు సరిపోదని వాదించడానికి చోటు ఉన్నా, అది కోర్టు మెట్లెక్కిన తర్వాత పనికొచ్చే వాదన. ఇరవై వేల రూపాయల బహుమతి ఉన్న పోటీ కోసం ఎవరూ హైకోర్టు దాకా వెళ్లరు. టిక్కును సంతకంగానే భావించి చదవడం క్షేమం.

కాబట్టి నిబంధనల్లో మొదట వెతకవలసింది హక్కు ఏ క్షణంలో చేతులు మారుతుందన్నది. పంపగానే మారుతుందని రాస్తే, ఓడిపోయినవారు కూడా బొమ్మను పోగొట్టుకున్నట్టే. విజేతగా ప్రకటించినప్పుడు మారుతుందంటే కొంత నయం. బహుమతి సొమ్ము చేతికందిన తర్వాత, విడిగా సంతకం చేసిన పత్రం ద్వారా మారుతుందంటే అది సక్రమమైన పోటీ. ఓడిన ఎంట్రీలను ప్రదర్శనకు, పోటీ ప్రచారానికి వాడుకునే పరిమిత అనుమతి అడగడంలో తప్పులేదు, అది నిర్వాహకులకు అవసరం కూడా. అమ్మకానికి వాడుకునే హక్కును ఓడినవారి దగ్గర కూడా అడగడం మాత్రం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. రెండు వందల మంది పంపితే ఒకరికి బహుమతి ఇచ్చి, రెండు వందల బొమ్మల గిడ్డంగిని ఉచితంగా సంపాదించుకోవడమే అది.

హక్కులన్నీ రాసిచ్చినా పోనిది ఒకటుంది. ఇది నేను గీసిన బొమ్మ అని చెప్పుకునే హక్కు, పేరుకు మచ్చ తెచ్చేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు సెక్షన్ 57 కింద నైతిక హక్కులుగా కళాకారుడి దగ్గరే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం ఊడదీసి పాడుచేసిన కేసులో, మిగిలిన భాగాలను ఆయనకు తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ఢిల్లీ హైకోర్టు 2005లో తీర్పు చెప్పింది. టీషర్టు బొమ్మకూ ఆ సెక్షన్ వర్తిస్తుంది. నైతిక హక్కులను వదులుకుంటున్నాను అన్న వాక్యం నిబంధనల్లో ఉంటే, కనీసం మెడ లోపలి లేబుల్ మీదో, అమ్మకం పేజీలోనో పేరు వేస్తారా అని అడగాలి. చాలామంది నిర్వాహకులు దానికి ఒప్పుకుంటారు, అడిగేవారు లేక వేయరు.

టీషర్టు విషయంలో మరో చిక్కు ఉంది, దాని గురించి కళాకారులకు దాదాపుగా తెలియదు. గోడకు తగిలించే బొమ్మకు, బట్ట మీద అచ్చయ్యే బొమ్మకు చట్టం ఒకే రక్షణ ఇవ్వదు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయదగిన డిజైనును నమోదు చేయకుండా వదిలేసి, యజమానే గాని, ఆయన అనుమతితో మరొకరు గాని దాన్ని పారిశ్రామిక పద్ధతిలో ఒక వస్తువు మీద 50 సార్లకు మించి ఉత్పత్తి చేస్తే, ఆ డిజైనులోని కాపీరైట్ ఆగిపోతుందని కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 15(2) చెబుతోంది. యాభై టీషర్టులంటే ఒక కళాశాల ఉత్సవానికి కూడా చాలవు. అయితే టీషర్టు మీది బొమ్మ కళాకృతా, డిజైనా అన్నది ఎప్పుడూ తగువే. సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో క్రయోగ్యాస్ కేసులో దీనికి రెండంచెల పరీక్ష చెప్పింది. అది స్వతహాగా కళాకృతిగా నిలిచేదా, లేక కళాకృతి నుంచి పుట్టి పారిశ్రామిక పద్ధతిలో వస్తువుకు ఎక్కించిన డిజైనా అన్నది మొదట చూడాలి. అప్పటికీ తేలకపోతే దాని ఉపయోగపు గుణం ప్రధానమా, అందం ప్రధానమా అన్నది చూడాలి. ఆ పరీక్షలో ఏది తేలినా, పోటీకి వెళ్లేవారు గుర్తుంచుకోవలసినది వేరే ఉంది. డిజైన్ల చట్టం కింద నమోదు కావాలంటే ఆ డిజైను అంతకుముందు ప్రజల ముందుకు వచ్చి ఉండకూడదు. ఓట్ల కోసం ఎంట్రీలను బహిరంగ గ్యాలరీలో పెట్టే పోటీకి పంపితే ఆ తలుపు మూసుకుపోయినట్టే. నమోదు ఆలోచన ఉంటే దరఖాస్తు ముందు పడాలి, ఎంట్రీ తర్వాత వెళ్లాలి.

ఇక రెండో సంగతి, బొమ్మ తనదేనా అన్నది. నిబంధనల్లో ఇది "ఎంట్రీ పూర్తిగా నా స్వంత సృష్టి, దీనివల్ల ఎవరి హక్కులకూ భంగం లేదు, భంగం వాటిల్లితే వచ్చే ఖర్చులు, నష్టపరిహారం నేనే భరిస్తాను" అన్న హామీగా ఉంటుంది. ఆ చివరి ముక్క తేలికైంది కాదు. ఎవరో మూడో మనిషి నిర్వాహకుల మీద దావా వేస్తే, వారి వకీలు ఫీజు కూడా ఇరవై ఏళ్ల విద్యార్థి నెత్తిన పడుతుందని దాని అర్థం. నా బాధ్యత బహుమతి మొత్తానికి మించదు అన్న పరిమితిని చేర్చమని అడగడం పోటీదారుడి హక్కు.

తెలుగువారి బొమ్మల్లో ఈ హామీ తప్పే చోట్లు నాకు బాగా తెలుసు, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో అవే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మొదటిది బాపు. ఆయన శైలిలో, ఆ సన్నటి ఒక్క గీత ఒరవడిలో గీయడం నేరం కాదు, శైలికి కాపీరైట్ ఉండదు. కాని ఆయన గీసిన ఒక నిర్దిష్టమైన బొమ్మను కింద పెట్టి దాని మీద గీసుకుంటే అది నకలే. బాపు 2014లో ఇదే చెన్నైలో కన్నుమూశారు. కళాకారుడి జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు అన్న లెక్క ప్రకారం ఆ బొమ్మల మీది హక్కు 2074 చివరిదాకా నడుస్తుంది. రెండోది శ్రీశ్రీ పంక్తులు. ఆయన 1983లో పోయారు కాబట్టి ఆ కవిత్వం మీది హక్కు 2043 చివరిదాకా ఉంటుంది. ఒక్క పంక్తే కదా అన్న ధైర్యం హామీ పత్రం మీద సంతకం పెట్టేవారికి ఉండకూడదు. వేమన పద్యానికి ఆ బెడద లేదు. 1906లో మరణించిన రవివర్మ చిత్రాలకూ లేదు.

చెన్నై కాబట్టి నటుల బొమ్మల సంగతి కూడా చెప్పాలి. ముఖం గీయలేదు, కళ్లజోడు, జుట్టు, చేతి విరుపు మాత్రమే గీశాను అనే సమర్థన నిలవదు. రజనీకాంత్ వేసిన దావాలో మద్రాసు హైకోర్టు 2015లో, పేరుపొందిన వ్యక్తిని జనం గుర్తుపట్టగలిగితే చాలునని, గందరగోళం పుట్టిందని విడిగా రుజువు చేయనక్కరలేదని అభిప్రాయపడింది. జాతీయ పతాకం విషయంలో ఇంకా కచ్చితమైన నిషేధం ఉంది. జాతీయ గౌరవానికి అవమానాల నివారణ చట్టానికి 2005లో జరిగిన సవరణ ప్రకారం పతాకాన్ని దుస్తుల బట్ట మీద ముద్రించడం కూడా అవమానం కిందికే వస్తుంది. ఆగస్టు 15 పోటీలకు గీసేవారు మూడు రంగుల స్ఫూర్తిని తీసుకోవచ్చు గాని, అశోకచక్రంతో సహా పతాకాన్నే వేయకూడదు. మూడు సింహాల రాజముద్రకు 2005లో వచ్చిన విడి చట్టమే ఉంది.

ఏఐతో చేసిన బొమ్మలను కొన్ని పోటీలు పూర్తిగా నిషేధిస్తున్నాయి, కొన్ని చెప్పి పంపమంటున్నాయి. కంప్యూటర్ పుట్టించిన కృతికి దాన్ని పుట్టించడానికి కారకుడైన వ్యక్తే కర్త అని మన చట్టం చెబుతున్నా, ఆ మాట 1994లో చేర్చింది, ఇప్పటి ఏఐ యంత్రాలు రాకముందుది. దాచి పంపడం మాత్రం హామీని భంగపరచడమే.

పోటీకి 18 ఏళ్లు నిండాలనే నిబంధనకు కారణం 1872 నాటి ఒప్పందాల చట్టం. మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదు, అందుకే తల్లిదండ్రుల సంతకం అడుగుతారు. ఆ సంతకం పెట్టే అమ్మానాన్నలు పైన చెప్పిన హక్కుల భాగాన్ని చదవాలి.

ఫైలు నిబంధనలు ఇప్పుడు. ఇక్కడ ప్రతి కోరికకూ యంత్రం దగ్గర ఒక కారణం ఉంటుంది. 12 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 3600 పిక్సెళ్లు అడ్డం, 4800 పిక్సెళ్లు నిలువు. చిన్న బొమ్మను సాగదీసి ఆ అంకెకు తెస్తే అంకె కుదురుతుంది గాని అంచులు మసకబారతాయి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఫైలు కుదించుకుపోతుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపాలి. రంగులు మూడు లేదా నాలుగుకు మించకూడదని రాస్తే, ఆ పోటీ టీషర్టులను స్క్రీన్ ప్రింటింగ్‌లో వేయబోతున్నారని తెలుసుకోవాలి. అందులో ప్రతి రంగుకూ ఒక స్క్రీను, అంటే ఆ రంగు పడవలసిన చోటే ఇంకును వదిలే వల చట్రం, తయారు కావాలి, ప్రతి స్క్రీనుకూ ఖర్చు ఉంటుంది. నల్ల బట్ట మీద రంగులు వెలగాలంటే వాటి కింద తెల్ల పొర ఒకటి వేస్తారు, అంటే మూడు రంగుల బొమ్మకు నాలుగు స్క్రీన్లు. మా గుగ్గిళ్ల మనిషి బొమ్మలో రాత్రి సముద్రానికి విడిగా నలుపు వేయకుండా బట్ట నలుపునే వదిలేసి ఉంటే ఒక రంగు మిగిలేది. ఆ తెలివి న్యాయనిర్ణేతలకు వెంటనే కనిపిస్తుంది. డీటీఎఫ్ పద్ధతిలో, అంటే బొమ్మను ముందు ఫిల్ము మీద అచ్చువేసి వేడితో బట్టకు అతికించే పద్ధతిలో, రంగుల లెక్క లేదు గాని, పొగలా కరిగిపోయే అంచుల కింద కూడా తెల్ల పొర పడి, బొమ్మ చుట్టూ సున్నం గీసినట్టు ఒక అంచు కనబడుతుంది.

తెలుగు అక్షరాలున్న డిజైనుకు ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. అక్షరాలను గీతలుగా (ఫాంటుతో పనిలేని బొమ్మగా) మార్చి పంపండి అన్న నిబంధనను ఇంగ్లీషు నినాదం రాసినవారు మరిచిపోతే మరో ఫాంటు పడుతుంది, అంతే. తెలుగు నినాదం రాసినవారు మరిచిపోతే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో, భారతీయ లిపులకు సరిపడని అమరికలో ఫైలు తెరుచుకుని, "స్త్రీ" అన్న మాట వత్తులు విడిపోయి మూడు ముక్కలై పొల్లులతో నిలబడుతుంది. ట్రిప్లికేన్‌లో స్క్రీన్లు తీసే మనిషి తమిళం చదువుతాడు, తెలుగు చదవడు. ఆయన కంటికి ఆ ముక్కలు కూడా తెలుగులాగే కనిపిస్తాయి, కాబట్టి తప్పు అలాగే మూడు వందల టీషర్టుల మీదికి ఎక్కిపోతుంది. గీతలుగా మార్చిన తర్వాత కూడా "క్ష", "జ్ఞ" వంటి అక్షరాల లోపలి రంధ్రాలను చూసుకోవాలి. అల్లిన నూలుబట్ట మీద ఇంకు కొంచెం పాకుతుంది, సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. అక్షరాలను అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి, చేయి చాచినంత దూరంలో పెట్టి చదివితే ఆ సంగతి తెలిసిపోతుంది. ఇక ఆ ఫాంటు అనుమతి గలదేనా అన్నది మళ్లీ హామీ పత్రానికి సంబంధించిన ప్రశ్న. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మండలి, గిడుగు, మల్లన్న వంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి, టీషర్టు మీద అమ్మకానికి కూడా నిశ్చింతగా వాడుకోవచ్చు.

పోటీదారుడి పేరు, సంతకం బొమ్మలో కనిపించకూడదన్న నిబంధన పేరు తెలియకుండా తీర్పు ఇవ్వడం కోసం పెట్టింది. దాన్ని పాటిస్తూనే, గీతలు దిద్దుకున్న చిత్తు కాగితాలను, తేదీలున్న మధ్య ఫైళ్లను విడిగా దాచుకోవాలి. బొమ్మ ఎవరిదన్న తగువు వచ్చిన రోజున కాపీరైట్ నమోదు లేకపోయినా అవి సాక్ష్యం చెబుతాయి. నిబంధనల పేజీని కూడా పంపిన రోజునే పీడీఎఫ్‌గా భద్రపరచుకోవాలి, ఎందుకంటే నిబంధనలను ఎప్పుడైనా మార్చే హక్కు మాకుంది అన్న వాక్యం దాదాపు ప్రతి పోటీలోనూ ఉంటుంది.

కొన్ని పోటీలు ఎంట్రీతో పాటే పొరలు విడివిడిగా ఉన్న మూల ఫైలును అడుగుతాయి. తీర్పు ఇవ్వడానికి చదునైన పీఎన్‌జీ చాలు, టీషర్టు మీద ఎలా ఉంటుందో చూపే నమూనా చిత్రం చాలు. మూల ఫైలు ముద్రణకే కావాలి, ముద్రణ గెలిచిన తర్వాతే జరగాలి. మా అక్క కూతురు ఇప్పుడు పోటీలకు పంపే ఉత్తరంలో చివర ఒక వాక్యం చేరుస్తోంది: ఎంపికైతే హక్కుల పత్రం మీద సంతకాలైన రోజున పొరలతో కూడిన ఫైలు పంపగలను. కిందటి నెల ఒక నిర్వాహకుడు దానికి సరేనని జవాబు రాశాడు, మరొకరు ఎంట్రీని తిరస్కరించారు. తిరస్కరించినవారి నిబంధనలు మళ్లీ తెరిచి చూస్తే, అందులోనూ "అందిన ఎంట్రీలన్నీ" అనే ఉంది.